ఏ గంట?

చిన్నమ్మాయికి మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, నీ మేనకోడలు పిట్ట క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను. ప్రతి ఉత్తరంలో ఉండే ముక్కే కదా అని దాటెయ్యకు. ఈసారి చివరిదాకా చదివి, క్షేమమో కాదో నువ్వే తేల్చుకో.

అక్షరాలు చూసి నవ్వకు. మోటార్లకి తీగ చుట్టిన చెయ్యి ఇది, పెన్ను పట్టుకున్నా స్క్రూడ్రైవర్ తిప్పినట్టే తిప్పుతుంది. తప్పులుంటే దిద్దుకో. నిన్ను బడికి పంపింది అందుకే.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మాత్రలు వేసుకుంటోందా అన్నావు. వేసుకుంటోంది, నన్ను తిట్టి మరీ వేసుకుంటోంది. కొట్టు ఎలా ఉందన్నావు. బ్రహ్మాండం. వీధిలో ఫ్యాన్లూ మిక్సీలూ పాడవడం మానేస్తే తప్ప నాకు ఢోకా లేదు. అన్నయ్య కూతుర్ని గారాబం చేసి చెడగొడుతున్నావు, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని అది ఏం వెలగబెడుతోంది అన్నావు. అది చెప్పాలంటే చాలా ఉంది, చెబుతాను. ఇంకోటి కూడా అడిగావు. "అమ్మకి కూడా చెప్పకుండా ముందు నీకే ఫోన్ చేసి చెబితే, మంచిదే అని పెట్టేశావు. నిజంగా మంచిదే అనుకున్నావా నాన్నా?" అని. దానికి జవాబు చివర్లో. ముందుకి దూకకు.

నీ మేనకోడలు కొట్టు పైగదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తోంది. మొదటి గిరాకీ మన వీధి చివర మంచినీళ్ళ డబ్బాలు అమ్మేవాడు. ఇదివరకు జనం అతనికి ఫోన్ చేసి డబ్బా కావాలనేవాళ్ళు. ఇప్పుడు పిట్ట చేసిన పేజీ తెరిచి బటన్ నొక్కితే చాలు, డబ్బా ఇంటికొస్తుంది. అందరికంటే ముందు నాకే చూపించింది.

"నొక్కు తాతా" అంది. నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నొక్కాను.

"ఎలా ఉంది?" అంది, కళ్ళు ఇంతింత చేసుకుని.

"బాగుంది" అన్నాను.

మర్నాడు మన గుమ్మంలో వరసగా డబ్బాలు దిగాయి. "ఇన్నెందుకు పెట్టావు తాతా?" అంటే, "ఎండలు మండిపోతున్నాయి, ఉండనీ" అన్నాను. మీ అమ్మ మొక్కలకి కూడా మంచినీళ్ళే పోసింది.

తర్వాత వారం నీళ్ళతను ఊగిపోతూ వచ్చాడు. "అమ్మాయ్, నీ బటన్ పని చెయ్యట్లేదు. వెనక వీధి పెద్దావిడకి కావలసింది ఒక్క డబ్బా. మావాళ్ళు ఆవిడ మెట్ల నిండా దింపి వచ్చారు. ఆవిడ నన్ను పట్టుకుని కడిగేసింది. ముసలివాళ్ళ ఇళ్ళన్నిట్లో ఇదే గోల. సోమవారానికి బాగుచెయ్యకపోతే పీకి పారేస్తాను. నీ పని ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను."

పిట్ట ముఖం వాడిపోయింది. మొదటి పనికే ఈ పేరొస్తే రెండో పని ఎవరిస్తారు? తన ఫోన్‌లో నొక్కి చూసింది, నా ఫోన్ లాక్కుని నొక్కి చూసింది. ఒకసారి నొక్కితే ఒక డబ్బా. లెక్క సరిగ్గానే ఉంది.

ఇంటర్నెట్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా గుమిగూడే చోటొకటి ఉందట. ఆఖరికి అక్కడ అడిగింది. నాకు ఒళ్ళు మండింది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళని దేబిరించడం ఏంటే? మన ఇంటా వంటా ఉందా?"

"దేబిరించడం కాదు తాతా, అడగడం."

"రెండూ ఒకటే."

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడైనా ఎవర్నైనా ఏమైనా అడిగావా?" అంది.

అక్కడివాళ్ళు కూడా తక్కువ తినలేదు. బటన్ సరిగా పని చెయ్యట్లేదు, సాయం చెయ్యండి అని ఇది రాస్తే, ఒకడు "మమ్మల్ని జోస్యం చెప్పమంటావా?" అన్నాడు. ఇంకొకడు వెక్కిరించే బొమ్మ పెట్టి పోయాడు. పిట్ట కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను చొక్కా చేతులు మడిచి లేచాను గానీ, ఎవడి మీదకి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

ఇంతలో గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న మనిషి ఎవరో, ఆడో మగో కూడా తెలియదు, నిదానంగా రాశారు. "నువ్వేం చేశావు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఈ మూడూ చెప్పు. అప్పుడు చూద్దాం" అని. ఆ మాట నాకు నచ్చింది. మన కొట్టుకొచ్చేవాళ్ళూ అంతే కదా, ఫ్యాన్ తెచ్చి బల్ల మీద పడేసి "పోయింది" అంటారు. ఎక్కడికి పోయింది? నా ముందే ఉందిగా!

పిట్ట కళ్ళు తుడుచుకుని ఈసారి పద్ధతిగా రాసింది. చివర్లో "మా తాత కూడా వాడి చూశాడు, బాగుందన్నాడు" అని కలిపింది. అది పైకి చదివి వినిపించినప్పుడు నా టీ గొంతుకి అడ్డం పడింది.

గుడ్లగూబ మళ్ళీ అడిగింది. "సరే. నొక్కినవాళ్ళకి పని అయిందని ఎలా తెలుస్తుంది?"

పిట్ట నా ఎదురుగానే కూర్చుని, రాస్తున్నది పైకే చదువుతోంది. "నొక్కగానే గంట మోగుతుంది."

"ఏ గంట?" అన్నాను.

"అదే తాతా, చిన్న గంట. దాని కోసం గంటలు గంటలు వెతికి పెట్టాను."

"ఏ గంటే?"

అది తలెత్తి నన్ను చూసింది. ఫోన్ నా ముందు పెట్టి నొక్కింది. "ఇదిగో." నేను ఫోన్ వైపు చూశాను. మళ్ళీ నొక్కింది. వాకిట్లోంచి మీ అమ్మ "ఏంటే ఆ గంట, చెవులు తూట్లు పడుతున్నాయి" అంటూ లోపలికొచ్చింది. నాకు మాత్రం మోగలేదమ్మా.

"మరి బాగుందన్నావు?" అంది పిట్ట.

"నువ్వడిగిన తీరుకి బాగుందన్నాను."

మీ అమ్మ అందుకుంది. "ఏడాదిగా చెవిటి మాలోకం అని పిలుస్తున్నాను. ఒక్కసారైనా తిరిగితేగా ఈయన!"

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్పానుగా. మీ వీపుకి."

ముగ్గురం నవ్వాం. ముందు వాళ్ళిద్దరూ, తర్వాత నేను. పిట్ట ఆ పూటే పేజీ మార్చేసింది. ఇప్పుడు నొక్కగానే బటన్ మాయమై, తెర నిండా పచ్చటి అక్షరాలు వస్తాయి. "మీ డబ్బా వస్తోంది. ఇంక నొక్కకండి." ఆ రెండో ముక్క నేనే పెట్టించాను. నీళ్ళతను వచ్చి, మళ్ళీ నొక్కుదామని బటన్ కోసం తెరంతా వెతికి, నవ్వుకుంటూ వెళ్ళాడు. వెనక వీధి పెద్దావిడ గుమ్మంలో ఇప్పుడు ఒక్కటే డబ్బా దిగుతోంది. నీళ్ళతను చెప్పాడని దర్జీ కూడా తన కొట్టుకో పేజీ కావాలని వచ్చాడు. ఇదంతా పిట్ట అక్కడ రాస్తే, గుడ్లగూబ "ఇకమీదట మీ తాతకి చూపించకుండా ఏదీ బయటికి వదలకు" అంది. అంటే నాకిప్పుడు రెండు ఉద్యోగాలు. పిట్ట చెడిపోతోందని ఇంకోసారి రాయకు.

ఇక నీ ప్రశ్న. గుడ్లగూబ పద్ధతిలోనే చెబుతాను.

నేనేం చేశాను? కొట్టులో ఫోన్ మోగితే జేబులో అదిరింది, తీశాను. ఏం జరగాలి? నువ్వు చెప్పింది వినాలి. ఏం జరిగింది? నీ గొంతని తెలిసింది, మాటలు తెలియలేదు. నీళ్ళ కింద నుంచి మాట్లాడినట్టు వచ్చాయి. ఎదురుగా ఉన్నవాళ్ళతో అయితే సగం చెవితో, సగం వాళ్ళ నోరు చూసి లాక్కొస్తున్నాను. ఫోన్‌కి నోరు లేదుగా. నువ్వు కాసేపు ఆగావు. ఏదో ఒకటి అనాలి కాబట్టి "మంచిదే" అన్నాను.

ఫోన్ మాటలు గాల్లో కలిసిపోతాయి, ఉత్తరాలు రాసుకుందామని ఆ తర్వాత నేనే నీకు కబురు పెట్టించాను చూడు, దాని అసలు సంగతి ఇదే. నాన్నది గొప్ప ఆలోచన అని మెచ్చుకున్నావు. ఆ మెప్పు వెనక్కి తీసుకో.

నువ్వు చెప్పింది సంతోషమో కష్టమో కూడా నాకు తెలియదు. సంతోషమైతే నా "మంచిదే" చప్పగా ఉండి ఉంటుంది. కష్టమైతే, దానికి "మంచిదే" అన్నవాడు మీ నాన్న కాదమ్మా, వాడి చెవి.

గురువారం పిట్ట నన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. మిషన్ పెడతారట. పెట్టనీ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిషన్లతోనే కదా నా కాపురం. అది సరిగా పని చెయ్యకపోతే విప్పి చూస్తాను.

కానీ అందాకా ఆగలేను. పిట్ట అన్నట్టు, నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు నిన్నడుగుతున్నాను. ఆ రోజు ఏం చెప్పావో మళ్ళీ చెప్పు తల్లీ. పెద్ద అక్షరాలతో రాయి. చదివిన తర్వాతే జవాబు చెబుతాను.

ఇట్లు,
నీ మాట కోసం కూర్చున్న
మీ నాన్న