గోడ మీది ఖాళీ

మార్చి 4, సోమవారం

కాళ్లు పీకేస్తున్నాయి. పొద్దుటినుంచీ మలేరియా జ్వరాలే. చివర్లో తియామికే అనే పదహారేళ్ల పిల్లను తల్లి లాక్కొచ్చింది. కడుపునొప్పి అట. పిల్లను అడిగితే తల్లి జవాబిస్తుంది. అమ్మా, నువ్వు కాసేపు బయట బెంచీ మీద కూర్చో, ఈ వయసు పిల్లల్ని ఒంటరిగానే చూడాలి అన్నాను. కన్నదాన్ని నేను, నాకు తెలియంది దాని కడుపులో ఏముంది సిస్టర్ అంది. గొణుక్కుంటూ వెళ్లింది.

ఏమైందని పిల్లనడిగాను. తలెత్తి పైకి చూసింది. మా క్లినిక్ గోడలు కప్పుదాకా పోవు, రేకుల కింద మూరెడు ఖాళీ. బయట తల్లి దగ్గితే మా ఒళ్లో కూర్చుని దగ్గినట్టుంది. నొప్పి తగ్గిపోయింది సిస్టర్ అని లేచిపోయింది.

ఏదో ఉంది. కడుపులో మాత్రం కాదు.

మార్చి 5

గోడ ఎత్తు చేయించమని ఇన్‌ఛార్జి చిసాలేని అడిగాను. మందులే పంపని వాళ్లు ఇటుకలు పంపుతారా తల్లీ అని నవ్వాడు.

మార్చి 8, శుక్రవారం

మళ్లీ వచ్చారు. ఈసారి గుసగుసగా అడిగాను. బెంచీ మీంచి తల్లి కేక, కాస్త గట్టిగా అడగండి సిస్టర్, ఇక్కడ వినపడి చావట్లేదు అని! బెంచీ అంతా ఘొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది గానీ పిల్ల మొహం చూసి ఆగిపోయాను.

మార్చి 12

వాన. రేకుల మీద ఆ చప్పుడుకి నా మాట నాకే వినపడలేదు. ఏనాడూ పెదవి విప్పని ఎండుచేపలమ్మే ఆవిడ ఇవాళ మొగుడి సంగతంతా చెప్పుకుని ఏడ్చింది. వాన వెలిసిన రోజు ఎలా?

మార్చి 15, శుక్రవారం

ఉపాయం దొరికింది. రోజూ పొద్దున బెంచీల వాళ్లందరిచేతా చేతులు కడుక్కునే పాట పాడించేది మా ఆయా నఫిరి. నేను తలుపు మూయగానే పాట ఎత్తుకోవే అన్నాను. పొద్దున పాడాంగా మళ్లీ ఎందుకంది. చెప్పింది చెయ్యవే తల్లీ అన్నాను. ఇవాళ బెంచీ మీదున్న తియామికే తల్లి చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఊరుకోగలదా? చప్పట్లతో సహా అందుకుంది.

ఆ పాట చాటున పిల్ల చెప్పింది. కడుపునొప్పి ఉత్తిదే. చిన్నప్పటినుంచీ ఆయాసానికని అమ్మ మింగించే మాత్రలు హెచ్ఐవీకట. ఊళ్లో తెలుస్తుందని తల్లి రాజధాని లిలోంగ్వే దాకా వెళ్లి తెస్తుంది. డబ్బా మీది మందు పేరు పట్టుకుని ఫోన్లో చూసిందట ఈ పిల్ల. అప్పట్నుంచీ మింగకుండా పెరట్లో పాతేస్తోంది.

ఎందుకే అన్నాను. కోపం సిస్టర్, ఇన్నేళ్లు అబద్ధం చెప్పింది అంది. మళ్లీ తనే, నాకు తెలుసని అమ్మకు చెప్పొద్దు, తనవల్లే వచ్చిందని కుమిలిపోతుంది అంది. నేను చచ్చిపోతానా అని అడిగింది.

పిచ్చిమొహమా, మానేస్తే చస్తావు, మింగితే ముసలిదానివై నాలాగే కాళ్లు పీకుతున్నాయని ఏడుస్తావు అన్నాను. నవ్వింది, ఏడ్చింది. ఈ రాత్రినుంచే మింగుతానంది. వచ్చే శుక్రవారం పరీక్షకి రక్తం తీస్తానన్నాను. అమ్మకు చెప్పనని మాటిచ్చాను. బయట ఆ తల్లి ఎంత బాగా పాడుతోందో. నాకు దుఃఖం ఆగలేదు.

మార్చి 18

తల్లి బజారులో పట్టుకుంది. ఏం చెప్పింది నా కూతురు అని. కడుపు బాగానే ఉందన్నాను. నాకు చెప్పనివి మీకెందుకు చెబుతుందిలే అని నిష్ఠూరమాడింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాస్తున్నారు, మధ్యలో నా ప్రాణం తీస్తున్నారు. విసుగొచ్చేసింది.

మార్చి 22, శుక్రవారం

ఇద్దరూ వచ్చారు. ఈసారి తల్లే పిల్లను బయట కూర్చోమంది. తలుపు తనే వేసింది. దాని మాత్రల గురించి ఒక మాట చెప్పుకోవాలి సిస్టర్ అంది. గోడ మీది ఖాళీ కేసి చూసింది.

ముందు వాళ్లను పాడమనండి అంది.

నేను లేచేలోపే బయట పాట మొదలైంది. ఎత్తుకున్న గొంతు తియామికేది.