రంగు లైట్లు లేని కంప్యూటర్

బాపూ,

నువ్వు పోయాక ఇంట్లోకి కొన్న మొదటి పెద్ద వస్తువు తమ్ముడి గేమింగ్ కంప్యూటర్. ఇబ్రహీంపట్నంలో పార్టులు ఏరుకున్నాం. ఉన్న డబ్బులకు రంగు లైట్ల క్యాబినెట్ అయినా రావాలి, కరెంటు హెచ్చుతగ్గులు తట్టుకునే మంచి పవర్ సప్లై అయినా రావాలి. వాడు క్యాబినెట్ దగ్గర నుంచి కదలలేదు.

"బోరు మోటర్ కాలినప్పుడు బాపు ఏమన్నడురా?" అని అడిగాను.

"మోటర్ రంగు జూడకుర్రి, ముందు మంచి స్టార్టర్ తేర్రి అన్నడు," అని గొణిగి, పవర్ సప్లై తీసుకున్నాడు.

సాయంత్రం ఆట మధ్యలో మన ఊరి కరెంటు ఎప్పటిలాగే ఎగిరి పడింది. ట్యూబులైటు ఆరి వెలిగింది. కంప్యూటర్ ఆగలేదు. నువ్వు స్టార్టర్ డబ్బాను తాకి చూసినట్టే వాడు దాని మీద చెయ్యి పెట్టాడు.

"గరం కాలేదక్కా. బాపుకు చెప్పు."

అందుకే ఈ ఉత్తరం.