మూత తెరిచే ముందు

జూన్ 2, సోమవారం

మేనేజరు కొత్త రూలు చదివాడు. ఇకమీదట ఏ మాన్యువల్ ప్రింటుకు వెళ్లాలన్నా సర్టిఫికేషన్ ఉన్న రైటరే ఓకే చెయ్యాలట. ఇన్నేళ్లుగా ఈ కంపెనీ యంత్రాలకు మాన్యువల్స్ రాస్తున్న నేను ఇక రాయవచ్చు గానీ, నా రాత సరైనదని నేను చెప్పకూడదు. అది బ్యాడ్జీ చెబుతాడు.

బ్యాడ్జీ అంటే నా పక్క సీటువాడు. ఆ పేరు నేను మనసులో పెట్టుకున్నది. ఆన్‌లైన్లో తన ఫోటో కింద, పరీక్షలు పాసైనందుకు ఇచ్చే రంగురంగుల బిళ్లలు పేర్చుకున్నాడు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కి ఒకటి, టెక్నికల్ కమ్యూనికేషన్‌కి ఒకటి, ఏఐని ప్రశ్నలు అడగడం వచ్చినందుకు ఒకటి. మనుషుల్ని అడగడం మాత్రం ఎవరూ నేర్పినట్టు లేదు. ఇంజినీర్ల గదిలోకి వాడు అడుగు పెట్టగా నేను చూడలేదు. యంత్రాన్ని ఫోటోలో చూసి రాస్తాడు.

జూన్ 5

ఆడపడుచు టీకి వచ్చింది. ఏదో కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని ఆవిడది. మా ఇంటికొచ్చినా అదే పని. వదినా, నువ్వెంత బాగా రాస్తావో మా సాఫ్ట్‌వేర్‌కి తెలీదు, పేరు పక్కన ఏమీ లేకపోతే పక్కన పడేస్తుంది అంది. మరి మనిషివి నువ్వేం చేస్తావు అన్నాను. పక్కన పడనివాటిని చూస్తానంది, నొచ్చుకోకుండా.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. కనపడ్డ కోర్సల్లా చెయ్యొద్దట. నాకు నచ్చే ఉద్యోగాల ప్రకటనలు చదివి, అన్నిట్లోనూ ఏం అడుగుతున్నారో చూసి, అదొక్కటే పట్టుకోమంది.

మంచి సలహాయే. అందుకే ఒళ్లు మండింది.

జూన్ 6

ప్రకటనలు చదివాను. ఒకరికి ఎక్స్‌ఎంఎల్ కావాలి, ఒకరికి ఏపీఐ డాక్యుమెంటేషన్ కావాలి. ఒక మహానుభావుడికి అవన్నీ కావాలి, వీడియో ఎడిటింగ్ కావాలి, పైపెచ్చు ఉత్సాహం కావాలి. స్పష్టంగా రాయగలవాళ్లే అప్లై చెయ్యాలని అడిగిన వాక్యం పేరా దాటినా పూర్తి కాలేదు.

జూన్ 11, బుధవారం, మధ్యాహ్నం



బేకరీలకు అమ్మే పెద్ద పిండి మిక్సర్‌కి బ్యాడ్జీ రాసిన మాన్యువల్ ప్రింటుకు సిద్ధమైంది. అలవాటు కొద్దీ డ్రాఫ్ట్ పట్టుకుని కింద డెమో యంత్రం దగ్గరకు వెళ్లాను. రాసింది రాసినట్టు చేస్తూ పోయాను. ఐదో స్టెప్పు: స్టాప్ బటన్ నొక్కండి. నొక్కాను. ఆరు: మూత తెరిచి, బ్లేడ్లకు అంటిన పిండి తుడవండి. తెరిచాను. గుడ్డ తీసుకోవడానికి పక్కకు వంగితే మోచెయ్యి స్టార్ట్ బటన్‌కి తగిలింది. బ్లేడ్లు గిర్రున తిరిగాయి. చవక మోడల్, మూత తెరిస్తే ఆగే ఏర్పాటు లేదు.

గుడ్డ కోసం వంగబట్టి నా చెయ్యి బయట ఉంది.

తర్వాత పేజీ తిప్పాను. ఏడో స్టెప్పు తర్వాత, అందమైన పసుపు డబ్బాలో: గమనిక, మూత తెరిచే ముందు ప్లగ్ తీసేయండి.

జూన్ 12

మేనేజరుకు చెప్పాను. అది టెంప్లేటండీ, గమనికలన్నీ పేజీ చివరే వస్తాయి అన్నాడు. చెయ్యి పోయాక వస్తాయన్నమాట అన్నాను. బ్యాడ్జీ సర్టిఫైడ్ కదా, అతను ఓకే చేశాక మనం కెలకడం బాగుండదన్నాడు. మీక్కూడా ఒక సర్టిఫికెట్ ఉంటే అప్పుడు మాట వేరు అని కూడా అన్నాడు. ముఖంలో ఎక్కడా వెటకారం లేదు. ఉంటే క్షమించేదాన్ని.

జూన్ 13

టెక్నికల్ కమ్యూనికేషన్ పరీక్షకు పేరిచ్చాను. ఇంట్లో చెప్పలేదు.

జూన్ 21, శనివారం

ఫెయిల్.

పుస్తకం తెరవకుండా వెళ్లాను. నాకు వీళ్లు చెప్పేదేమిటనుకున్నాను. చాలానే ఉందట.

జూన్ 22

పొద్దున్నుంచి ఆ పుస్తకమే చదువుతున్నాను, తప్పులు పట్టుకుందామని. భాష పేలవం. ఉదాహరణలు బడిపిల్లలకు చెప్పినట్టున్నాయి. కానీ పాఠకుడు ముందు మొత్తం చదివి తర్వాత పని మొదలుపెడతాడని ఎప్పుడూ అనుకోవద్దని రాశారు. ప్రమాద హెచ్చరిక ఆ స్టెప్పుకు ముందే ఉండాలని రాశారు. రాసినవాళ్లు యంత్రం ముందు నిలబడి చేసి చూడాలని రాశారు.

నేను గొంతు చించుకున్నదంతా అచ్చులో ఉంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక గిన్నెలు తోమాను.

జూన్ 24, మంగళవారం

పుస్తకం బ్యాడ్జీ టేబుల్ మీద హెచ్చరికల పేజీ దగ్గర తెరిచి పెట్టాను. చూసి, ఇది ఇందులో ఉందా అన్నాడు. పాత ప్రశ్నలు ఎవరో పంపితే బట్టీపట్టి పరీక్ష రాశాడట. అందరూ అంతేగా అన్నాడు. మేనేజరుకు చూపిస్తే, పేజీలు సెట్ చేసేశారు, వచ్చే ఎడిషన్‌లో చూద్దామన్నాడు.

ఇద్దర్నీ కిందికి తీసుకెళ్లాను. బ్యాడ్జీని చదవమన్నాను, మేనేజరును చెయ్యమన్నాను.  బ్యాడ్జీ ఒక్కో స్టెప్పూ వార్తలు చదివినట్టు చదివాడు. ఐదో స్టెప్పుకు మేనేజరు స్టాప్ నొక్కగానే, వాళ్లు చూడకుండా ప్లగ్ పీకేసి వెనక పట్టుకున్నాను. ఆరో స్టెప్పు వినగానే మేనేజరు మూత ఎత్తి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టాడు. అప్పుడు స్టార్ట్ బటన్ నొక్కాను.

ఏమీ కాలేదు. కానీ ఆయన కేక మెట్ల దాకా వినిపించి ఉంటుంది. ప్లగ్ చూపించాను. బ్యాడ్జీ పేజీ తిప్పి పసుపు డబ్బా చూశాడు.

మేనేజరు గొంతు సవరించుకుని, దీన్నొక లెర్నింగ్‌గా తీసుకుందామన్నాడు. ఈ మనుషుల్ని ఏ యంత్రమూ ఏమీ చెయ్యలేదు.

జూన్ 25

ప్రింటు ఆపారు. హెచ్చరిక ఆరో స్టెప్పుకు పైకి వచ్చింది. టెంప్లేట్ కూడా మారుస్తున్నారు. మార్చేది బ్యాడ్జీ, వాడు సర్టిఫైడ్ కదా. సాయంత్రం నా దగ్గరకొచ్చి, ఆ పుస్తకం రెండు రోజులు ఇస్తారా అన్నాడు. ఇవ్వనన్నాను. నాకే కావాలి.

జూలై 19, శనివారం

పాసయ్యాను. ఫ్రేము కట్టిద్దామా అని మా ఆయన నవ్వుతూ అడిగాడు.

సైజు చెప్పాను.