ఆరు లెక్కపెట్టేదాకా

మంగళవారం మధ్యాహ్నం
లాండ్రీ వెనక, మాసిన బట్టల మూట మీద కూర్చుని

అన్నయ్యా,

ఇరవై రెండు మంది చూస్తుండగా నా వంట మీద బకెట్టెడు నీళ్ళు గుమ్మరించావు. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది తేలాలి.

నీ గుడారాల దగ్గర ఫోన్ పలకదు కాబట్టి ఈ ఉత్తరం సరుకుల బండి అతని చేతికిస్తున్నాను. లేకపోతే ఇదంతా నీ మొహం మీదే అనేదాన్ని.

ఆదివారం నుంచి నాకు కాలు నిలవడం లేదు. బల్ల దగ్గర నిలబడితే కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటే లేవాలనిపిస్తుంది. పొద్దున ఒక చొక్కా కాలరు మూడోసారి ఇస్త్రీ చేస్తుంటే మేస్త్రీ వచ్చి, ఆ చొక్కా నీకేం అపకారం చేసిందమ్మా అన్నాడు.

నడక బృందానికి ఈ ఎండాకాలమంతా అడవిలో వండిపెట్టే మనిషి కావాలని, దాన్ని నడిపే మాస్టారు అంటే, మా చెల్లి ఉందండీ అన్నది నువ్వే. గుడారాలు నీవి, వంట నాది అనుకున్నాం. నాలుగేళ్ళుగా ఈ ఆవిరిలో ఉడుకుతున్నదాన్ని. చెట్ల కింద పని అనేసరికి నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషానికి. అట్ట ఊడిన వంట పుస్తకం ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికితే, పెరట్లో ఇటుకల పొయ్యి మీద నాకు నేనే నేర్చుకున్నాను. గాలికి ఎటు అడ్డం పెట్టాలో, ఏ కట్టె మండుతుందో ఏది పొగ పెట్టి ఏడిపిస్తుందో నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం ఒక పూట వండిపెట్టమ్మా, తిన్నాక మాట్లాడుకుందాం అన్నారు మాస్టారు. నువ్వేమో, మొదటి రోజే గోతిలో వంట ఎందుకే పొట్టీ, మామూలు పొయ్యి మీద కానిచ్చెయ్ అన్నావు. నేను వినలేదు. డబ్బాలు కోసి వేడిచేసి పెట్టడం ఎవరైనా చేస్తారు. నన్నే ఎందుకు పెట్టుకోవాలి వాళ్ళు?

శనివారమే మాంసానికి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించాను. ఉల్లిపాయలు ఇంట్లో కోస్తే దారిలో నీరు కారతాయని నీ గుడారాల దగ్గరికొచ్చాకే కోశాను. మోకాలి లోతు గొయ్యి తవ్వి, అడుగున పొడి రాళ్ళు పేర్చి, గట్టి కట్టెలు కాల్చి నిప్పులు చేశాను. పుస్తకంలో ఉన్నట్టే నిప్పుల మీద అరచెయ్యి పెట్టి లెక్కపెట్టాను. ఆరు దాకా ఓర్చుకోగలిగితే సరైన వేడి. మూడుకే చెయ్యి లాక్కుంటే నిప్పు ఎక్కువైనట్టు. నేను నిదానంగా ఆరు దాకా లెక్కపెట్టి, అప్పుడే ఇనప కుండ దించాను. మూత మీద నిప్పులు పరిచి మట్టి కప్పాను. నాలుగు గంటలు. వదిన మూడుసార్లు వచ్చి, ఏమమ్మా, పాతిపెట్టింది మొలకెత్తిందా అని అడిగిపోయింది.

ఇంకో పావుగంటలో తీసేదాన్ని. అప్పుడొచ్చావు, రెండు చేతుల్లో రెండు బకెట్లు. గాలి లేచింది, నిప్పు ఉండకూడదు అన్నావు. పక్కన మండుతున్న పొయ్యి మీద ఒకటి పోశావు. సరే. మట్టి కింద ఉన్న గొయ్యికి గాలేమిటి? మట్టి కాలితో తోసి, మూత జరిపి మరీ పోశావు. బుస్సుమని లేచిన ఆవిరికి ఎవరికీ ఏమీ కనపడలేదు. బూడిద నీళ్ళు పడ్డాయి, ఇంక తినడానికి లేదు అన్నావు. కుండ నన్ను ముట్టుకోనివ్వలేదు. వాగు దిగువకి ఒక్కడివే మోసుకెళ్ళి, గంట తర్వాత తోమి తెచ్చావు. నా వంట ఎలా కుదిరిందో ఒక్కరికీ తెలియకుండా చేశావు.

అందరూ రొట్టె, డబ్బాలో చిక్కుళ్ళు తిన్నారు. తాడు బిగించడం తప్ప బుర్ర వాడటం నేర్చుకోలేదయ్యా నువ్వు అన్నారు మాస్టారు. నలుగురు నవ్వారు. నువ్వు తల దించుకుని చెంచాతో డబ్బా అడుగు గీకుతూ కూర్చున్నావు. వదిన నీకు చెప్పకుండానే మాతో బండెక్కేసింది. నన్నేమో తలా ఒకరు వీపు నిమిరారు. నీ తప్పేముందమ్మా, వచ్చే ఆదివారం మళ్ళీ వండు అన్నారు మాస్టారు. వాళ్ళు అలా నిమురుతుంటే నాకు ఒళ్ళు మండింది. నువ్వు ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్పుకుంటే ఏం పోయేది?

ఎందుకు పోశావో రాయి. గాలి అని రాయకు. బండి గురువారం తిరిగొస్తుంది. ఆ బండిలో జవాబు రాకపోతే నాకు అన్న లేడనుకుంటాను.

కోపం దిగని నీ చెల్లెలు,
పొట్టి

తా.క. పని అయ్యాక, సాయంత్రం

అంటించిన ఉత్తరం మళ్ళీ విప్పాను.

నువ్వు రాకముందే నేను ఒక పక్క మట్టి తీసి, మూత ఎత్తి చూశాను. అంతా బొగ్గు. ఉల్లిపాయ ఆనవాలు కూడా లేదు. మూత పెట్టేసి మట్టి కప్పేశాను. అప్పటిదాకా వినిపిస్తున్న నీ గొడ్డలి చప్పుడు సరిగ్గా అప్పుడే ఆగింది. నువ్వు చూశావని నాకు ఆదివారం నుంచీ తెలుసు.

ఎక్కడ తప్పానో మాత్రం ఇవాళే తెలిసింది. పక్క బల్లకి కొత్తగా వచ్చినావిడ, ఇస్త్రీ పెట్టె కాగిందా అని నేను చెయ్యి చాపిన చోటే తనూ చాపింది. రెండు లెక్కపెట్టేలోపే లాగేసుకుంది. నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఇంత మొద్దుబారిందేమిటే తల్లీ అంది. పెరట్లో అయితే కుండ కళ్ళముందే ఉంటుంది, మాడబోతే దించేస్తాను. గోతిలో నాకు దిక్కు ఈ చెయ్యే. పుస్తకం రాసినవాళ్ళ ఆరు వేరు, నా ఆరు వేరు.

వదినకి చెప్పేశాను. గురువారం ఆ బండి మళ్ళీ అటు బయల్దేరినప్పుడు నీ దగ్గరికి వస్తుంది, నిన్ను తిట్టాల్సినవి ఆవిడకి వేరే ఉన్నాయి. మాస్టారికి ఆదివారం నేనే చెబుతాను, వడ్డించాక. ఆ తర్వాత ఉంచుకుంటారో పంపేస్తారో ఆయన ఇష్టం.

కారణాలేమీ రాయొద్దు. శనివారం పెరట్లో మళ్ళీ గొయ్యి తవ్వుతున్నాను. వస్తావో రావో, గురువారం లోపు ఒక్క ముక్క రాయి. నిప్పుల మీద పెట్టడానికి నీ అరచెయ్యి కావాలి. లెక్క నేను పెడతాను.