రెండో దెబ్బ

మార్చి పద్నాలుగు. పొద్దున్నుంచి ముసురు. షెడ్డు నేల కడిగాను. మసి చాలావరకు పోయింది.

అమ్మాయి వాళ్లమ్మకు,

ఇక్కడ నీ తమ్ముడి కుడిచేయి తప్ప అంతా క్షేమమే. పసిదానికి జలుబు తగ్గిందని రాశావు, సంతోషం. పచ్చి బాలింత, అమ్మాయిని బరువులు ఎత్తనివ్వకు. ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతున్నానని నిష్ఠూరమాడావు. ఫోన్ మోగినప్పుడల్లా నీ తమ్ముడు పక్కనే ఉంటున్నాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఒక్క దీపం చేయడానికి ఇన్ని దీపాలు పగలగొట్టాలా అని అడిగావు. పగలగొట్టాలి. వస్తువు ఎలా చస్తుందో చూడకుండా దాన్నెలా పుట్టించాలో తెలియదు. అందుకే జనం పారేసిన ఛార్జింగ్ దీపాలు బస్తాలకొద్దీ తెచ్చి రోజంతా చంపుతున్నాం. విసిరికొడతాం, నీళ్లలో ముంచుతాం, ఉలితో చీలుస్తాం. రాగి మళ్లీ రాగి అవుతుంది, గాజు మళ్లీ గాజవుతుంది. జిగురు పూసిన ప్లాస్టిక్కే దేనికీ పనికిరాదు. తను చస్తూ బ్యాటరీనీ పట్టుకుని చస్తుంది. మా కొత్త దీపంలో జిగురు చుక్క ఉండదు. ఒక్క స్క్రూ తిప్పితే దేనికది విడిపోయి ఇంకో దీపంలోకి వెళ్లిపోవాలి. అదీ మా పంతం.

నీ తమ్ముడికి షెడ్డులో తుపాను అని పేరు. నేను స్క్రూడ్రైవర్ వెతుక్కునేలోపు వాడు నాలుగింటి ప్రాణం తీస్తాడు. బావ మత్తుమందిచ్చి కోస్తాడు, నేనైతే నరికేస్తా అని అందరినీ నవ్విస్తాడు. వాడి చేయి విరిగిన రోజు పొద్దున, నేను చలికాలమంతా కూర్చుని చేసిన కొత్త దీపం నమూనాని నన్నడక్కుండా సమ్మెటతో నుజ్జు చేశాడు. ఎలా చస్తుందో చూడాలన్నావుగా బావా, చూసుకో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. నిండు బ్యాటరీని పగలగొడితే నిప్పు చిమ్ముతుంది. అందుకని దీపాన్ని వెలిగించి వదిలేసి, ఆరిపోయాకే ఉలి పెడతాం. వెలగనిది ఖాళీ అని మా లెక్క. వాడు చేతిలోకి తీసుకున్న పాతదీపం వెలగలేదు, ఖాళీ అనుకున్నాం. నిజానికి లోపల తీగ తెగింది, బ్యాటరీ నిండుగానే ఉంది. ఉలి దిగగానే బుస్సుమని మంట లేచి వాడి చొక్కా అంటుకుంది. వాడు బెదిరిపోయి మంటనే చంపాలన్నట్టు సమ్మెట ఎత్తాడు. పక్కనే విప్పి తీసిన బ్యాటరీల తొట్టి. దెబ్బ దాని మీద పడితే షెడ్డే లేచిపోయేది. అరిచాను, వినలేదు. చేతిలో ఉన్న ఇనపకడ్డీతో వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక ఎండుపుల్లలా విరిగింది. సమ్మెట జారిపడింది. పనివాళ్లు గోనెలు కప్పి, ఇసుక పోసి మంట ఆర్పారు.

దూలం జారి పడిందని నీకూ డాక్టరుకీ చెప్పింది వాడే. నేను కాదనలేదు.

ఇంతవరకు రాసి ఆపుదామనుకున్నాను. ఇక్కడ ఆపితే వాణ్ణి కాపాడినవాణ్ణవుతాను. సమ్మెట కింద పడ్డాక నేను మళ్లీ కొట్టాను. అదే చేతి మీద, ఇంకా గట్టిగా. వేళ్లు నలిగింది ఆ దెబ్బకే. వాడి చొక్కా ఇంకా కాలుతూనే ఉంది. నాకు మాత్రం పొద్దున నుజ్జయిన నమూనాయే కనపడింది. దాన్ని ఎవరో ఒకరు పగలగొట్టాల్సిందే, అది మా పనే. అయినా కొట్టాను.

నిన్న కట్టు మారుస్తుంటే మెల్లగా అడిగాడు.

"మొదటిది నన్ను కాపాడ్డానికి బావా. రెండోది దేనికి?"

నేను వంగి కట్టు ముడేశాను.

"అక్కకి నువ్వే చెప్పు. నేను చెబితే మళ్లీ ఈ గడప తొక్కదు."

తల్లిలేని వాణ్ణి చంకనేసుకుని పెంచావు. వాడి వేళ్లు ముడుచుకుంటాయో లేదో డాక్టరు చెప్పలేకపోతున్నాడు. దీపం వెలగకపోయినా బ్యాటరీలో ఎంత ఛార్జి ఉందో చూపించే ముల్లు ఒకటి పెట్టాలని, వాడు ఎడమచేత్తో బొమ్మ గీసిచ్చాడు. గీతలు వంకర, ఆలోచన తిన్నన. అదే చేస్తున్నాను. దాంతో వాడి చెయ్యి బాగవదని తెలుసు.

రావాలా వద్దా అని అడిగావు. రమ్మనే మొహం నాకు లేదు. వచ్చి వాణ్ణి తీసుకుపోతానంటే అడ్డు చెప్పను.

ఇట్లు,
నీ తమ్ముణ్ణి రెండుసార్లు కొట్టిన
నీ భర్త

కవరు అంటించబోతుంటే వాడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల తడిగా ఉంది, ఒంటిచేత్తో తుడుచుకోవడం కుదరడం లేదట. ఏం రాశావని అడగలేదు. తువ్వాలు నా ముందుకు చాచాడు. కలం పక్కన పెట్టి తువ్వాలు అందుకున్నాను.