జెట్టీ దారి చెప్పే పెట్టె

2009 ఏప్రిల్ 18, శనివారం
హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం పోయి మా అమ్మాయి ఇంద్రజ ఇంటికొచ్చి నెల దాటింది. ఇవాళ మొదటిసారి నవ్వింది. చేపలమ్మే కాసులమ్మ బోటు నడిపే తన భర్త దాలయ్యను వెంటబెట్టుకొచ్చింది. నిరుడు వానలో దాలయ్య తమ్ముడు బోటుతో దారి తప్పాడు. డీజిల్ అయిపోయి ఒరిస్సా వైపు కొట్టుకుపోతుంటే ఎవరో తాడు కట్టి లాక్కొచ్చారు. ఉపగ్రహాల సిగ్నల్ పట్టి, బోట్లు ఆగే జెట్టీ ఎటుందో తెలుగులో చెప్పే పెట్టె చేస్తానని అమ్మాయి మాటిచ్చింది. వేట నిషేధం మే నెలాఖరుతో తీరిపోద్ది, ఆలోగా నడిస్తే బోటులో ఎట్టుకుంటాను, లేదంటే ఎప్పటిలాగే దేవుడే దిక్కు అన్నాడు దాలయ్య.

ఏప్రిల్ 27
అరచేతిలో పట్టేంత బోర్డు. దాన్ని నడిపించడానికి అందులో ఇప్పుడున్నది రెడీమేడ్ లినక్స్ అట. ఆన్ చేస్తే లేవడానికి చాలాసేపు పట్టింది. ఏటమ్మా, ఇది నిద్ర లేసేసరికి నాను సగం సముద్రం దాటీసుంటాను అన్నాడు దాలయ్య. అమ్మాయికి కోపం రాలేదు. ఈ బోర్డుకీ ఈ పనికీ సరిపడినంత మటుకే ఉంచి, బోర్డులోకి ఎక్కించే ఆ మొత్తం సరుకు, లినక్స్ ఇమేజ్, మొదటినుంచీ తానే తయారు చేస్తుందట.

మే 6
కంప్యూటర్ పొద్దుటినుంచి ఆ ఇమేజ్‌ని కంపైల్ చేస్తూనే ఉంది. గ్రైండర్ వేస్తే ఫ్యూజు పోతుందని పక్కింటి గౌరీశ్వరి దగ్గర పప్పు రుబ్బుకున్నాను. మీ అమ్మాయి అంతసేపు ఏం వండుతోందండీ అంది. ఇంటికొచ్చేసరికి కరెంటే పోయింది.

మే 13
కెర్నల్ పానిక్. తెర మీద ఇదొక్కటే. లేస్తూనే లినక్స్ చేతులెత్తేసిందని అర్థమట.

మే 21
లేచింది. నేను శ్లోకం ఒకటి పూర్తిచేసేలోపే లేచి, దారి వెతుకుతున్నాను అని అమ్మాయి గొంతుతోనే పలికింది. మా ఆయన స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చి, బూట్లయినా విప్పకుండా మళ్లీ మళ్లీ ఆన్ చేయించుకుని విన్నారు.

మే 22, శుక్రవారం
పొయ్యికి, మిక్సీకి, ఆయన స్కూటరుకి పెట్టినట్టే బోర్డుకీ బొట్టు పెట్టాను. తడి పసుపు, పైన కుంకుమ. ప్లాంటులో క్రేన్లకి కూడా పెడతారు.

మే 24
బోర్డు లేవడం లేదు. తెర మీద ఒక్క అక్షరం రాదు. ఇమేజ్ ఇంకా చిన్నది చేద్దామని చాలా తీసేశాను, కావలసిందే పోయిందేమో అంటోంది ఇంద్రజ. ఒక్కోటీ తిరిగి పెట్టి చూస్తోంది. అన్నం ముట్టలేదు. నా వంతుగా ఇంకో బొట్టు పెట్టాను.

మే 26
ఇంద్రజ బోర్డు పిన్నుల మధ్య పసుపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను దేవుడి గది వైపు చూశాను. ఆ తడికి కరెంటు అడ్డదారి పట్టిందట. స్పిరిట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి స్విచ్ వేసింది. దారి వెతుకుతున్నాను అంది బోర్డు.

తిడుతుందనుకున్నాను. అమ్మా, నీ బొట్టుకే ఇలా అయితే ఉప్పునీళ్లకి ఏమయ్యేది, ఇమేజ్ ధ్యాసలో పడి అసలు మూత సంగతే మరిచిపోయాను అంది. మీ అమ్మకి మా క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం చూస్తానన్నారు ఆయన. ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు బిగించి, అంచులు ఎంసీల్ ముద్దతో మూసి, గట్టిపడ్డాక బకెట్‌లో ముంచాం. నీళ్లలోంచి కూడా మాట్లాడింది.

జూన్ 1
దాలయ్య డబ్బాను స్టీరింగు పక్కనే బిగించుకున్నాడు. ఇది తప్పు సెప్పిందంటే మీ ఇంటికి సేపలు బందు అన్నాడు ఇంద్రజతో. ఇంజిను మొదలైంది. ఆ చప్పుడులో పెట్టె ఏమందో నాకు వినబడలేదు. అతను మాత్రం తలూపాడు.

జూన్ 4
వాన. హార్బర్‌లో పక్క బోటు కూడా కనబడడం లేదని కాసులమ్మ ఫోన్ చేసింది. ఇవాళ రావలసిన దాలయ్య ఇంకా రాలేదు. బ్యాటరీ ఉంటుంది, యాంటెన్నా బాగానే కట్టాను అని ఇంద్రజ తనలో తనే అనుకుంటోంది. నేను సహస్రనామం చదువుతున్నాను. వరసలు తప్పుతున్నాయి.

జూన్ 5, ఉదయం 5.40
దాలయ్య బోటు జెట్టీకి చేరిందని కాసులమ్మ ఫోన్ చేసింది. దాని లైటు చూసుకుంటూ వెనకాలే ఎవరివో మరో మూడు బోట్లు.
ఇంద్రజ కీబోర్డు పక్కనే తల వాల్చి నిద్రపోతోంది. లేపాలనిపించలేదు.