చీకటిగదిలో మెమొరీ కార్డు

చిన్నోడా,

సోమవారం పొద్దున నేను ప్రార్థన ముగించుకుని స్టూడియోకి వచ్చేసరికి మీ అన్నయ్య ఎప్పటిలాగే ట్రేలు కడిగి బోర్లిస్తున్నాడు. నువ్వు కొత్తగా కొన్న ఆ బరువైన డిజిటల్ కెమెరాలోంచి మెమొరీ కార్డు తీసి, "ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి, జాగ్రత్త" అని వాడి చేతికిచ్చావు. వాడు దాన్ని గుప్పిట్లో దాచుకుని, ఫిల్ము కడిగే చీకటిగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

"ఏంటన్నయ్యా, దాన్నీ కడుగుతావా?" అని నవ్వావు.

"వెలుతురు తగిలితే పాడవుతుందేమోనని..." అన్నాడు లోపల్నుంచి. ఫొటోల కోసం వచ్చినవాళ్లూ నవ్వారు.

ముప్పై ఏళ్లు ఫిల్ము కడిగిన మనిషి. మర్నాడు నువ్వు పనిమీద ఊరెళ్లావు. వాడు మాత్రం ఇక స్టూడియోకి రానని, ఇంకెక్కడైనా పని చూసుకుంటానని ఇంట్లోనే కూర్చున్నాడు. నిన్ను తిట్టాలని రాయడం లేదు, నాకంత ఓపిక లేదు.

నిన్న సాయంత్రం అమ్మా, వాడూ, నేనూ కూర్చున్నాం. "రంగు తేడా నీ కంటికి దొరికినట్టు చిన్నోడికి దొరకదురా. కంప్యూటరు పని నువ్వే చెయ్యాలి" అంది అమ్మ.

"నేర్చుకుంటాను. జనం ముందు మాత్రం కాదు" అన్నాడు వాడు.

అందుకని నువ్వు తిరిగొచ్చాక నెల రోజులు స్టూడియో గంట ఆలస్యంగా తెరవాలని నిర్ణయించాం. ఆ గంటా నువ్వు వాడి పక్కన కూర్చోవాలి.

అక్కయ్య